నడుం వాల్చిన పాపం

మధ్యాహ్నం రెండున్నర. భోజనాలయ్యాయి, వంటిల్లు సర్దడమూ అయింది. పొద్దుటినించీ నిలబడి ఉన్న కాళ్ళు లాగుతున్నాయి. ఒక్క అరగంట చాప మీద నడుం వాల్చారు. సరిగ్గా రెప్ప పడే వేళకి కాలింగ్ బెల్ మోగింది. పక్కింటావిడ! గబగబా లేచి, చెదిరిన జుట్టు చేత్తో సర్దుకుంటూ తలుపు తీశారు. ఆవిడ మీ మొహంలోకి చూసి, "అయ్యో, నిద్రపోతున్నారా?" అంది. మీరేమన్నారు?

"అబ్బే, లేదండీ! ఏదో పేపరు తిరగేస్తున్నా" అన్నారు. అవునా, కాదా?

నేనూ ముప్ఫయ్యేళ్ళుగా ఆ మాటే అంటున్నాను సుమండీ. ఆలోచిస్తే నాకే నవ్వొస్తుంది. ఎవరి సొమ్మూ దొంగిలించలేదు, ఎవరి కొంపా ముంచలేదు. అలిసిన ఒళ్ళు అరగంట వాలింది, అంతే. దానికి అబద్ధం ఎందుకు? ఆఫీసునించి వచ్చి పడక్కుర్చీలో కళ్ళు మూసుకున్న మావారిని ఎవరైనా "నిద్రపోతున్నారా?" అంటే ఆయన "ఆఁ, కాస్త కునుకు పట్టింది" అంటారు దర్జాగా. ఆ "ఆఁ" అన్న ఒక్క అక్షరం నా నోటికెందుకు రాదు?

రానివ్వని మనిషి ఒకావిడ ఉండేది. మా అత్తమ్మ. మాది వనపర్తి. పుట్టిల్లు నాగర్‌కర్నూలు, కేసరి సముద్రం చెరువు గాలి తగిలే వీధిలో. పెళ్ళయి వనపర్తి వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం నేను పడుకుంటే అత్తమ్మ గట్టిగా ఏమీ అనలేదు. చేటలో బియ్యం పోసుకుని నా పక్కనే కూర్చుని, రాళ్ళు ఏరుతూ తనలో తాను అన్నట్టుగా, "పగటిపూట ఆడది పంటె ఇంట్ల లక్ష్మి నిలువదంటరు" అంది. అంతే. ఆ మాట నా నడుముకి కర్ర కట్టినట్టయింది. అన్యాయం చెప్పకూడదు, ఆవిడా ఎన్నడూ పడుకోలేదు. పని లేకపోతే పని పుట్టించుకునేది. చింతపండు గింజ తీసేది, పాత చీరలు బొంత కుట్టేది.

ఆవిడ చివరి రోజులు ఆస్పత్రిలో గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఉంటే కళ్ళు తెరిచి, చిన్నగా నవ్వి, "ఇన్నేండ్లకు పన్ననే కోడలా, ఎవ్వరేమనకుంట" అంది. నేను నవ్వలేకపోయాను. డెబ్భయ్యారేళ్ళ మనిషి ఒక పగటి నిద్రకోసం రోగం వచ్చేదాకా ఆగవలసి వచ్చిందా అని ఆ రాత్రి ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నాను. విశ్రాంతి అనేది పని చేసినందుకు ఎవరో ఇచ్చే బహుమానమా? పనిలోంచి మనం దొంగిలించే ముక్కా? లేక పనిలోనే ఒక భాగమా? ఆ ప్రశ్న అప్పటినించీ నాతోనే ఉంది.

ఆశ్చర్యమేమిటంటే, దానికి సగం జవాబు ఒక చీర కొనడానికి వెళ్ళినప్పుడు దొరికింది.

మా మేనకోడలు జీవశాస్త్రం చదివి కాలేజీలో పాఠాలు చెబుతోంది. దాని పెళ్ళికి గద్వాల చీర నేనే కొంటానన్నాను. షాపులో వద్దు, మగ్గం దగ్గరే చూద్దామంది. కొత్తకోట, ఆత్మకూరు దారిన కారులో బయల్దేరాం. మధ్యలో మదనాపురం దగ్గర సరళాసాగర్ చూద్దామని ఆగాం. వనపర్తి రాజా రామేశ్వరరావుగారు తన తల్లి సరళాదేవి పేర కట్టించిన జలాశయం అది. 1949లో మొదలుపెట్టి 1959లో పూర్తి చేశారు. దాని గొప్పంతా సైఫన్లలో ఉంది. నీళ్ళు ఒక మట్టానికి రాగానే సైఫన్లు వాటంతట అవే అందుకుని, ఎక్కువైన నీటిని అవతలికి లాగేస్తాయి. మట్టం దిగితే లోపలికి గాలి జొరబడి వాటంతట అవే ఆగిపోతాయి. గేటెత్తే మనిషీ అక్కర్లేదు, తిప్పే చక్రమూ అక్కర్లేదు.

"అత్తయ్యా, మన ఒంట్లో ప్రతి కణమూ ఇలాంటి చెరువే" అంది మా పిల్ల. "నిండుతుంది, వదులుతుంది, ఆగుతుంది. మళ్ళీ నిండుతుంది."

అదేమిటే అంటే వంటింటి భాషలో చెప్పింది. పాలు కాస్తాం. పొంగుతున్నాయని మంట తగ్గిస్తాం. దిగిపోయాయని మళ్ళీ పెంచుతాం. మనం చూసేసరికే అవి కాస్త ఎక్కువ పొంగి ఉంటాయి, తగ్గించాక కాస్త ఎక్కువ దిగిపోతాయి. ఆ కాస్త ఆలస్యం వల్లే పాలు పైకీ కిందికీ ఊగుతుంటాయి. కణంలోనూ చక్కెరని విరగ్గొట్టే పనికి మొదట్లోనే ఒక కాపలాదారు ఎంజైము ఉందిట. శక్తి దండిగా ఉంటే అది నెమ్మదిస్తుంది, శక్తి తరిగితే జోరందుకుంటుంది. అందువల్ల శక్తి తయారీ సమంగా గీత గీసినట్టు కాకుండా, ఒక్కోసారి అలలా ఎక్కుతూ దిగుతూ సాగుతుంది. ఈస్టు కణాల్లో ఈ అలని 1964లో అమెరికాలో బ్రిటన్ ఛాన్స్ అనే ఆయన, తోటివాళ్ళూ కొలిచి చూపించారు. మన కడుపులోని క్లోమం కూడా ఇన్సులిన్‌ని కొళాయి విప్పినట్టు ధారగా వదలదు, కొన్ని నిమిషాలకొక విడతగా వదులుతుంది. షుగరు వచ్చినవాళ్ళలో ఆ లయ చెదిరి ఉంటుందిట.

అక్కణ్ణించి జూరాల. కృష్ణకి నీళ్ళొచ్చిన రోజులు. అక్కడి విద్యుత్కేంద్రంలో 39 మెగావాట్ల యంత్రాలు 6 ఉన్నాయి. వరద ఉన్నన్నాళ్ళూ తిరుగుతాయి, నది ఎండితే ఊరుకుంటాయి. కట్ట మీద గాలికి కొంగు నిలవడం లేదు. మా పిల్ల పాఠం మాత్రం నిలవలేదు, సాగింది.

కణాల్లో మైటోకాండ్రియా అనేవి ఉంటాయని మనం హైస్కూల్లో చదివి పరీక్షలో రాసి మరిచిపోయాం. ఒక్కో కణంలో వందలూ వేలూ ఉంటాయవి. తిన్న అన్నంలోని శక్తితో అవి హైడ్రోజన్ ధన కణాలని ఒక పొర అవతలికి తోడి పోస్తాయి. అవతల మట్టం పెరుగుతుంది. అవి తిరిగి ఇవతలికి వచ్చే దారిలో ఒక బుల్లి చక్రం ఉంటుంది. అది గిర్రున తిరిగి ఏటీపీ అనే పదార్థాన్ని తయారు చేస్తుంది. అచ్చం జూరాలే! ఇలా జరుగుతుందని 1961లో పీటర్ మిచెల్ చెబితే చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ చక్రం గుట్టు విప్పిన బోయర్, వాకర్‌లకి 1997లో వచ్చింది.

ఈ ఏటీపీ ఒంట్లో చెల్లే చిల్లర నాణెం. రెప్ప వాల్చాలన్నా, పాపం పుణ్యం ఆలోచించాలన్నా ఆ నాణెం ఖర్చు పెట్టాల్సిందే. వింతేమిటంటే ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉండేది పావుకిలోకి మించదు. కానీ రోజంతా కలిపి తయారయ్యేది, ఖర్చయ్యేది దాదాపు మన ఒంటి బరువంత! అంటే అదే నాణెం వందలసార్లు చేతులు మారుతుందన్నమాట. దాచుకోవడం లేదు, తిప్పుకోవడమే.

ఆ నాణేన్ని మొదట కనిపెట్టినవాళ్ళలో మన తెలుగాయన ఉన్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో ఏటీపీని వెలుగులోకి తెచ్చారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ అనే ఆయన కూడా విడిగా కనిపెట్టారు. గర్భిణీలకి డాక్టర్లు రాసిచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనకా, బోదకాలు మందు వెనకా సుబ్బారావుగారి చెయ్యి ఉంది. అంత పని చేసిన మనిషి 1948లో 53 ఏళ్ళకే గుండె ఆగి పోయారు. మరొక మాట కూడా చెప్పుకోవాలి. ఆయన అమెరికా వెళ్ళినప్పుడు భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. పుట్టిన పిల్లవాడు పసితనంలోనే పోయాడు. ఆయన మళ్ళీ ఈ దేశం రాలేదు. ఒకరు రాత్రీ పగలూ పని చేసి లోకానికి మేలు చేస్తే, ఆ మేలు ఖరీదులో కొంత ఇంకొకరు ఎదురుచూపులతో కట్టారు. ఆయన్ని తప్పుపట్టే పెద్దరికం నాకు లేదు. కానీ చరిత్ర పుస్తకంలో పని చేసినవారి పేరు ఉంటుంది, ఎదురుచూసినవారి పేరు పుట అడుగున ఉంటుంది. అది మాత్రం కళ్ళకి కనపడుతూనే ఉంది.

గద్వాల చేరేసరికి పన్నెండు దాటింది. చేనేత ఇల్లు. గుంటమగ్గం. గద్వాల చీర సొగసు మీకు తెలుసుగా! ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకీ పట్టుకీ పొత్తు కుదిర్చి కలిపి నేసే ఆ పనిలోనే ఉంది పనితనమంతా. మేం వెళ్ళేసరికి మగ్గం ఊరికే ఉంది. ఆ ఇంటి పెద్దావిడ రాట్నం దగ్గర కూర్చుని నింపాదిగా కండెలు చుడుతోంది.

"పని లేదా అమ్మా ఇవాళ?" అన్నాను. నా నోరు ఊరుకోదుగా.

ఆవిడ నవ్వింది. "పనేంది, పొద్దుగాలనె అయింది. అంచు కలిపేది పొద్దుగాల చల్లపూటనే. ఎండ మీదికొస్తె గాలికి తేమ ఉండది, నూలు తెగుతది. తెగిన పోగులు అతికి అతికి నేస్తె చీర మంచిగుంటదా? ఎండపూట కండెలు చుట్టుకుంటం, చిన్న చిన్నయి సరిచేసుకుంటం, జరసేపు ఒరుగుతం."

మా మేనకోడలు నా చెయ్యి పట్టుకుని నొక్కింది. బయటికొచ్చాక చెప్పింది. ఈస్టు కణాలకి కొంచెం కొంచెంగా ఆహారం ఇస్తూ పెంచితే అవన్నీ కలిసి నాలుగైదు గంటలకొక చక్రం తిరుగుతాయిట. కొంతసేపు మైటోకాండ్రియా జోరుగా మండి ప్రాణవాయువు బాగా పీల్చుకుంటాయి. తర్వాత మంట తగ్గుతుంది. 2005లో డల్లాస్‌లో బెంజమిన్ టూ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన బృందం గమనించిందేమిటంటే, కణం తన వంశపత్రాన్ని, అంటే డీఎన్‌ఏని, నకలు తీసుకునేది ఆ మంట తగ్గిన వేళే. మంట జోరుగా ఉన్నప్పుడు నకలు తీసే కణాల్లో తప్పులు ఎక్కువ దొర్లుతున్నాయని రెండేళ్ళ తర్వాత తేలింది. గద్వాల నేతమ్మ చెప్పిన మాటేగా! ఎండపూట అతికితే పోగు తెగుతుంది.

నాకు అప్పుడు ఒకటి అర్థమైంది. మంట తగ్గిన వేళ పని లేని వేళ కాదు. అది ఇంకో రకం పని వేళ. నకళ్ళు తీసుకోవడం, విరిగినవి సరిచేసుకోవడం, కండెలు చుట్టుకోవడం. మరి గుండె సంగతో? పుట్టకముందు మొదలుపెట్టి పోయేదాకా ఆగదని చెప్పుకుంటామే, అది కూడా కొట్టుకి కొట్టుకి మధ్య ఆగుతుంది. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో కొట్టుకి సెకనులో పదింట ఎనిమిది వంతులు. అందులో మూడు వంతులు బిగుసుకుంటుంది, ఐదు వంతులు సడలుతుంది. లెక్కేస్తే రోజులో 15 గంటలు సడలికే! ఇంకో సంగతి వింటే మీకు కళ్ళు చెమరుస్తాయి. ఒళ్ళంతటికీ రక్తం వడ్డించే గుండె తన కండకి కావలసిన రక్తంలో ఎక్కువ భాగం అందుకునేది ఆ సడలిన వేళలోనే. అందరికీ వడ్డించి, ఆఖర్న తను తినే ఇల్లాలే కదండీ అది! కానీ తేడా ఒకటుంది. గుండె ఏ కొట్టులోనూ తన భోజనం మానుకోదు.

ఇంతవరకూ చదివి "బాగుంది, సైన్సే పడుకోమంది" అని మీరు చాప పరిచేస్తారేమో! ఆగండి. నేనూ అంతే తొందరపడ్డాను. మా మేనకోడలే బ్రేకు వేసింది. "ప్రకృతిలో ఉంది కాబట్టి మనమూ చెయ్యాలంటే ఎలా అత్తయ్యా? ప్రకృతిలో పెద్దచేప చిన్నచేపని తింటుంది కూడా" అంది. నిజమే. కణానికి పాపం తెలీదు, పుణ్యం తెలీదు. మనం ఎలా బతకాలో అది చెప్పలేదు. అది చేయగలిగిందల్లా మన చేతిలోని ఒక తప్పుడు వాదాన్ని లాగేసుకోవడం. విశ్రాంతి అంటే ఏమీ జరగకపోవడం, కాబట్టి అది సోమరితనం అన్నాం చూశారూ, ఆ వాదం ఇక నిలవదు. ఆ తర్వాత మంచి చెడ్డ మనమే తేల్చుకోవాలి.

పైగా లయలన్నీ మంచివే అనుకోకూడదు. ప్రాణవాయువు అందక గుండె కణం బాధపడుతున్నప్పుడు దాని మైటోకాండ్రియా అన్నీ ఒక్కసారిగా శక్తి జారవిడుస్తూ, మళ్ళీ పుంజుకుంటూ ఊగడం మొదలుపెడతాయిట. సుమారు వంద సెకన్లకొక ఊపు. బాల్టిమోరులో జాన్స్ హాప్కిన్స్ శాస్త్రజ్ఞులు దీన్ని 2003లో వివరించారు. అలాంటి ఊపు గుండె లయనే తప్పించి ప్రమాదం తేగలదు. అన్ని పొయ్యిలూ ఒకేసారి ఆరితే ఇంట్లో అన్నం ఉడకదు. అన్నీ ఒకేసారి మండినా ఇల్లు నిలవదు. కొన్ని మండుతుంటే కొన్ని తగ్గాలి. మన తెలుగులో దానికి చక్కని మాట ఉంది. వంతులు.

ఇక్కడే నాకు గుచ్చుకుంది. వంతులు మా ఇంట్లో ఉన్నాయా? మావారి కునుకుకి నా మెలకువ కాపలా. సరే, అది పాత సంగతే, అందరిళ్ళలోదే. మరి నా కునుకుకి ఎవరి మెలకువ కాపలా? నేను నడుం వాల్చే రెండున్నరకే మా పనిపిల్ల వచ్చి పెరట్లో గిన్నెలు తోముతుంది. శబ్దమైతే "మెల్లగానే తల్లీ" అని పక్క మీదనించే అరిచేదాన్ని! అత్తమ్మ నాకు పెట్టిన పథ్యాన్ని నేను నెమ్మదిగా ఆ పిల్ల మీదికి తోసేశానన్నమాట.

గద్వాలనించి వచ్చిన మర్నాడు అడిగాను. "నువ్వు మధ్యాహ్నం ఎప్పుడన్నా పడుకుంటావే?"

అది నవ్వింది. "నేను పంటె మీ గిన్నెలెవరు తోముతరమ్మా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నమాటే అంది. ఉన్నమాట కనకే తట్టుకోలేకపోయాను.

పెద్ద సంస్కరణలేమీ చెయ్యలేదు లెండి. మధ్యాహ్నం తిన్న కంచాలు ఎవరివి వాళ్ళు కడుక్కోవాలన్నాను. మావారు వారం రోజులు కంచాన్ని అపరిచితుణ్ణి చూసినట్టు చూశారు. ఎనిమిదోరోజు అలవాటయింది. ఆ పిల్ల ఇప్పుడు పొద్దున్నే, సాయంత్రం నాలుగున్నరకీ వస్తుంది. జీతం తగ్గించలేదు. తగ్గిస్తే అది దానికిచ్చిన విశ్రాంతి కాదు, నేను కొనుక్కున్న పుణ్యం అవుతుంది. మధ్యాహ్నం అది పడుకుంటోందా, ఇంకో ఇంట్లో గిన్నెలు తోముతోందా అన్నది నేనడగను. ఆ వేళ దానిది. ఎలా వాడుకోవాలో చెప్పడానికి నేనెవర్ని?

ఒక్క విషయం మీతో చెప్పి ముగిస్తాను. సరళాసాగర్ అన్నానే, 2019 డిసెంబరు 31న దాని మట్టికట్టకి గండి పడి నీళ్ళన్నీ పోయాయి. తర్వాత కట్టని బాగుచేశారు. ఎంత తెలివైన సైఫన్లున్నా కట్టని ఎవరో ఒకరు చూసుకుంటూ ఉండాలి. ఒళ్ళూ అంతే, ఇల్లూ అంతే. పైగా మన మైటోకాండ్రియా మనకి అమ్మ దగ్గర్నించే వస్తాయి, నాన్న దగ్గర్నించి కాదు. అమ్మకి అమ్మమ్మ దగ్గర్నించి. ఇంటిపేరు నాన్నది, లోపలి పొయ్యి అమ్మది. మా పుట్టింటి ఆడవాళ్ళు ఎన్ని తరాలు ఊది ఊది నిలిపారో ఆ నిప్పుని! దాన్ని రాత్రింబవళ్ళు ఎగదోసి ఆర్పేసే హక్కు నాకు లేదు. మరొకరి పొయ్యి ఎగదోసి నాది చల్లబరచుకునే హక్కు అసలే లేదు.

మొన్న మధ్యాహ్నం మళ్ళీ బెల్ మోగింది. పక్కింటావిడే. నా మొహం చూసి, "అయ్యో, నిద్రపోతున్నారా?" అంది.

"అవునండీ" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత నెమ్మదిగా నవ్వి, "నేనూ ఇప్పుడే లేచానండీ" అంది.